వీపుగారు

ఆ ఆదివారం మా ఇంట్లో గొడవ ఒక టీషర్టు మీద మొదలైంది. మావారికి ఎప్పుడో ఒకసారి ఉన్నట్టుండి ఇంటిపని మీద ప్రేమ పుట్టుకొస్తుంది. ఆ రోజు స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడిచారు. గుడ్డ కావాలని నన్ను అడిగితే ఇచ్చేదాన్నే. అడగడం నామోషీ కాబట్టి బాల్కనీలో తీగ మీద చేతికందిన నల్లబట్ట లాక్కున్నారు. అది మా అమ్మాయి టీషర్టు.

కాలేజీ చదివే పిల్ల, అప్పుడే నిద్ర లేచి వచ్చి, దాని గతి చూసి స్టూలు పక్కన నిలబడిపోయింది. అలాంటిది మళ్ళీ దొరకదని, అచ్చు వేసినవాళ్ళే ఇక వెయ్యమని చెప్పేశారని ఏడుపు గొంతుతో అంది. మెడ దగ్గర చిరిగిపోయిన బట్ట గుడ్డపీలిక కాక మరేమవుతుందని ఆయన పైనుంచే అడిగారు. అది చిరుగు కాదు, కావాలనే అలా కుట్టారు అంది అమ్మాయి. చిరుగుకి కూడా కుట్టుకూలి ఇచ్చావన్నమాట అన్నారాయన. కిటికీ పక్క కుర్చీలో ఉన్న మా అత్తయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఫ్యాను మాత్రం బాగా తుడిచాడని తీర్పు చెప్పింది. దాంతో పిల్లకి ఇంకా ఒళ్ళు మండి తలుపు వేసుకుంది.

చివరికి ఆ టీషర్టు నా చేతికే వచ్చింది. ఫ్యాను జిడ్డు మామూలు సబ్బుకి లొంగదు. గిన్నెలు తోమే సబ్బు రాసి, కాసేపు వదిలేసి, పాత టూత్ బ్రష్షుతో రుద్దుతుంటే మురికి కింద నుంచి బొమ్మ తేలింది. మూసి ఉన్న తలుపు ముందు ఒక ఆడమనిషి నిలబడి ఉంది. వీపు మాత్రమే కనబడుతోంది. నేల దాకా జారే గౌను, మెడ మీద ముడి, నడుము మీద ఒక చెయ్యి. కింద అక్షరాలు, "వీపుగారు ఇటు తిరగరు" అని.

రుద్దడం ఆపేశాను. ఆ వీపుకి ఎడమ భుజం కొంచెం కిందికి ఉంది. మా అత్తయ్య ఎప్పుడూ గౌన్లే తొడుక్కుంటుంది, అవి కుట్టేది నేనే. దర్జీలెవరూ ఆ భుజం దగ్గర సరిగ్గా కుదర్చలేకపోతే, పెళ్ళయిన కొత్తలోనే ఆ పని నేను తీసుకున్నాను. ప్రతిసారీ ఎడమ భుజం లోపల చిన్న మడత ఎక్కువ పెడతాను, అప్పుడే గౌను అంచు నేలకి సమంగా పడుతుంది. ఆ బొమ్మలో ఆ మడత పెట్టలేదు. అంచు ఓ పక్కకి వాలి ఉంది. కొందరి చేతిరాత చూడగానే తెలిసిపోతుంది చూడండి, నాకు ఆ వీపు అలా తెలిసిపోయింది.

అయినా నమ్మబుద్ధి కాలేదు. ఇది ఎవరి బొమ్మ అని అమ్మాయిని మామూలుగా అడిగాను. చొక్కా శుభ్రంగా రావడంతో దాని కోపం చల్లారింది, కూర్చోబెట్టి మరీ చెప్పింది. "నాలుగో గది తాళం" అని ఎప్పుడో వచ్చి నాలుగాటలకే పోయిన దయ్యం సినిమా. అందులో హీరోయిన్ సగంలో అలిగి వెళ్ళిపోయింది. తీసేవాళ్ళ దగ్గర మళ్ళీ మొదటి నుంచి తీసే స్తోమత లేదు. ఎవరో ఒకావిడని తెచ్చి, మొహం కనబడకుండా వెనక నుంచే మిగతా సినిమా లాగించేశారు. అంత అధ్వానపు సినిమాని ఇప్పుడు కొంతమంది వెతికి పట్టుకున్నారు. నెలకోసారి ఒకచోట చేరి చూస్తారు. ఆ పేరు తెలియని ఆవిడే వీళ్ళకి వీపుగారు.

మా మామయ్య ఒక సినిమా తీశారని, ఆడలేదని, తర్వాత ఫోటో స్టూడియో పెట్టుకున్నారని నాకు తెలుసు. దాని ఊసు ఎప్పుడూ ఎత్తొద్దని పెళ్ళయిన వారానికే మావారు చెప్పారు. నేను ఎత్తలేదు. మామయ్య పోయాక కూడా ఆ సినిమా పేరు మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. టైటిల్స్‌లో ఆయన పెట్టుకున్నది వేరే పేరని తర్వాత తెలిసింది, అందుకే మా పిల్లకి అనుమానం రాలేదు. తాతయ్య తీసిన సినిమాకి మనవరాలు వెళ్ళి నవ్వి వస్తోంది.

వచ్చే ఆటకి నేనూ వస్తానన్నాను. పిల్ల ఆశ్చర్యపోయింది. "నీకు నచ్చదమ్మా, నువ్వు మంచి సినిమాలు చూసేదానివి," అంది.

ఆట టైర్ల దుకాణం మీది మేడగదిలో. మెట్లెక్కుతుంటేనే రబ్బరు వాసన. లోపల ప్లాస్టిక్ కుర్చీలు, కిటికీలకి నల్లకాగితం, తెల్లరంగు వేసిన గోడే తెర. వచ్చినవాళ్ళు అందరూ చదువుకున్నవాళ్ళే, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే. సగం మంది చొక్కాలు వెనక్కి తిప్పి తొడుక్కున్నారు, గుండీలు వీపు మీద. తలుపు దగ్గర చీటీలు చించి ఇస్తున్నతన్ని అందరూ రీలు అని పిలుస్తున్నారు. రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాడట. మూతపడ్డ హాలు గోడౌనులో ఈ సినిమా పెట్టెలు తుప్పు పట్టిపోతుంటే తెచ్చి, ఫిల్ము ఒక్కొక్క అడుగూ తుడిచి బతికించింది అతనే. నన్ను చూసి, కొత్తవాళ్ళు ముందు వరసలో కూర్చోవాలి ఆంటీ, భయం వేస్తే పట్టుకోవడానికి పక్కన మనిషి ఉంటాడు అన్నాడు.

సినిమా మొదలైంది. హీరో విగ్గు ఒక్కో సీన్లో ఒక్కో ఎత్తులో ఉంది. తలుపు వేస్తే గోడ ఊగింది. దయ్యం కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి. ఆ చెప్పులు కనబడ్డప్పుడల్లా హాలంతా, "చెప్పులు బయట విడువు తల్లీ," అని ఒకే గొంతుతో అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఇంత మనస్ఫూర్తిగా నవ్వి ఎన్నాళ్ళయిందో అనిపించింది.

తర్వాత హీరోయిన్ మెట్లెక్కి పైకి వెళ్ళింది. పైన గదిలోకి వచ్చేసరికి వీపైంది. హాల్లో వాళ్ళందరూ ఒక్కసారిగా లేచి, తెరకి వీపు పెట్టి నిలబడ్డారు. నన్నూ మా అమ్మాయి చెయ్యి పట్టి లేపి తిప్పింది. ఆ వీపు తెర మీద ఉన్నంతసేపూ అలాగే నిలబడి, మాటలు వింటూ, మెడ మాత్రం తిప్పి దొంగచూపులు చూస్తారు. అదీ వాళ్ళ పద్ధతి. హీరో ఆ వీపుకి ప్రేమ చెప్పుకున్నాడు. భోజనాల బల్ల దగ్గర ఇంటిల్లిపాదీ ఒకే పక్క ఇరుక్కుని కూర్చుంటే, ఎదురుగా వీపు ఒక్కతే తింది. డాక్టరు వచ్చి ఆ వీపు ముందుకి వంగి చూసి, "నీ కళ్ళలో భయం కనబడుతోందమ్మా," అన్నాడు. నవ్వి నవ్వి నాకు పొట్ట నొప్పి పుట్టింది. కళ్ళు తుడుచుకుంటూనే దొంగచూపు చూశాను. భుజం అదే. ముడి వేసుకునే తీరు అదే. నడుము మీద చెయ్యి, కాస్త ఎడంగా పడే పాదాలు, తడి నేల మీద నడుస్తున్నట్టు ఒక్కొక్క అడుగూ పూర్తిగా ఆనించాకే రెండోది. మా అత్తయ్యే. ఇక ఏ అనుమానమూ లేదు.

అంతా తెలిసే ఆ తర్వాతది చేశాను.

మధ్యలో ఆట ఆపి నడక పోటీ పెట్టారు. ఇష్టమున్నవాళ్ళు తెర ముందు వీపుగారిలా నడవాలి. ఒకతను తుంటి ఊపుకుంటూ నడిచాడు. ఒకమ్మాయి గూనిదానిలా వంగింది. జనం చప్పట్లు కొడుతున్నారు. నాకు కూర్చున్నచోట చిరాకు మొదలైంది. నా కంటికి ఏదైనా వంకరగా ఉంటే ఊరుకోలేను, పక్కింట్లో పటం వంకరగా ఉన్నా సరిచేసి వస్తాను. వీళ్ళంతా భుజం చూస్తున్నారు, పాదం ఎవరూ చూడట్లేదు. చెయ్యి నడుము పక్కన పెడుతున్నారు, వెన్నుపూస మీద కదా పెట్టాలి. ఎవరూ సరిగ్గా నడవడం లేదే అని పైకే అన్నాను. అయితే మీరు చూపించండి ఆంటీ అన్నాడు రీలు. నేను లేచాను.

నడిచాను. ఎన్నో ఏళ్ళుగా ఆ నడక నేను వంటింట్లోంచి, వరండాలోంచి, ఆస్పత్రి నడవాల్లోంచి వెనకనుంచి చూస్తున్నదే. కొన్నాళ్ళుగా అత్తయ్యకి నడుంనొప్పి వచ్చి ఆ చెయ్యి కూడా వెనక్కి వెళుతోంది. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో నాకు తెలుసు. సగం దూరం వెళ్ళేసరికి హాల్లో చప్పుడు ఆగిపోయింది. ఆ చివర గోడ దగ్గర నిలబడి, భుజం కొంచెం దించి ఆగాను. అప్పుడు గోడలు అదిరేలా అరిచారు. అట్టతో చేసిన పెద్ద తాళంచెవి నా మెడలో వేశారు. నేను నవ్వుతూ చేతులు జోడించాను.

బస్సులో మా అమ్మాయి నా భుజం మీద తల పెట్టుకుని, నీలో ఇంత ఉందని తెలీదమ్మా అంది. ఒక్కసారి చూసి అంత బాగా ఎలా పట్టేశావంది. అలా వచ్చేసిందన్నాను.

ఇంటికొచ్చి బెల్లు కొట్టాను. తలుపు అవతల అడుగులు వినబడ్డాయి. ఒకటి పూర్తిగా ఆనించాక రెండోది. ఆ చప్పుడు గుమ్మం దాకా వచ్చేలోపల నా ఒంట్లో నెత్తురంతా మొహంలోకి ఎక్కింది. మెడలోంచి ఎప్పుడో తీసి సంచిలో పెట్టిన ఆ అట్టముక్క ఆవిడకి కనబడుతుందేమోనని సంచి వెనక్కి దాచుకున్నాను.

"సినిమా బాగుందా?" అంది అత్తయ్య.

"పర్లేదత్తయ్యా," అని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మా ఆయనది మందుల షాపు. రోజూ పదిమంది వచ్చిపోయే చోటు. నాలుగైదు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం షాపు పనివాళ్ళకి అప్పగించి ఇంటికొచ్చేశారు. చెప్పులు కూడా విప్పలేదు. దగ్గు మందు కోసం వచ్చిన ఎవరో కుర్రాడు నడక పోటీలో తీసిన వీడియో ఫోనులో చూపించి, ఈవిడ మీ ఆవిడే కదండీ, భలే చేశారండీ అన్నాడట. ఆయన ఆ వీడియో తన ఫోనుకి తెప్పించుకున్నారు, అందులో నన్ను చూశారు, వెనక తెర మీద ఆగిపోయి ఉన్న బొమ్మనీ చూశారు. మర్చిపోయాం అనుకున్నదాన్ని తవ్వి బజారులో పెట్టావని, మా నాన్న పరువు తీసిన సినిమా ముందు నువ్వు గంతులేశావని, ఇక షాపులో తలెత్తుకుని ఎలా కూర్చోవాలని అన్నారు. నేను ఆయన్ని మెల్లగా మాట్లాడమంటున్నాను. అప్పటికే అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏ సినిమా?" అని అడిగింది.

మావారు ఫోను జేబులో పెట్టుకోబోయారు. ఆవిడ చెయ్యి చాపింది. ఆ చెయ్యి చూస్తే నాకు ఆవిడ స్టూడియో రోజులు గుర్తొచ్చాయి. ఫోటోకి కూర్చున్నవాళ్ళ కాలరు సర్దడానికి అలాగే చాపేది, కాదనడానికి ఉండేది కాదు. ఆయన ఫోను ఇచ్చేశారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. హాల్లో జనం అరిచిన అరుపు ఆ చిన్న ఫోనులోంచి కీచుమంటూ వచ్చింది. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది. రెండోసారి చూశాక కళ్ళజోడు తీసి, నా వైపు చూసింది.

"ఇది నేను కదా," అంది.

నేల విచ్చుకుంటే అందులోకి దిగిపోదును. తల ఊపాను. "బాగా పట్టావు," అని ఫోను కొడుక్కి ఇచ్చి, గోడ పట్టుకుంటూ గదిలోకి వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మర్నాటి నుంచి మా అత్తయ్య నా ముందు నడవడం మానేసింది. మంచినీళ్ళు కావాలంటే మనవరాలిని కేకేస్తుంది. పిల్ల కాలేజీకి వెళితే దాహంతోనే కూర్చుంటుంది. నేను గదిలోకి వెళ్ళేసరికి మంచం మీద ఉంటుంది, నేను బయటికి వచ్చేదాకా లేవదు. ఒకసారి నేను బట్టలు ఆరేసి వెనక్కి తిరిగితే ఆవిడ వంటింటి వైపు సగం దూరం వచ్చి ఉంది. నన్ను చూసి అక్కడే ఆగి, గోడకి ఆనుకుని, ఏదో పని ఉన్నట్టు క్యాలెండరు చూస్తూ నిలబడింది. నేను బాల్కనీలోకి వెళ్ళిపోయి తలుపు దగ్గరకి వేసుకున్నాను. లోపల అడుగులు వినబడకుండా కొళాయి తిప్పాను.

మా అమ్మాయికి విషయమంతా నేనే చెప్పాను. అది నిజంగా బిత్తరపోయింది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కానీ వయసు అలాంటిది, మూడో రోజుకి ఆగలేక రీలుకి చెప్పేసింది. అతను ఫోనులోనే ఏడ్చినంత పని చేశాడట. నానమ్మని తీసుకురమ్మని, కారు పంపిస్తానని, వేదిక మీద కుర్చీ వేసి సన్మానం చేస్తామని అన్నాడు. చివర్లో ఒక్క మాట, ఆవిడ ఒక్కసారి, ఆ గోడ దగ్గర్నుంచి ఈ గోడ దాకా నడిస్తే చాలు అన్నాడు. మావారు వినగానే ససేమిరా అన్నారు. అమ్మని సర్కస్ జంతువులా చూపిస్తారా అన్నారు. ఆ మాట నాకూ తగలాలనే అన్నారు, తగిలింది.

నేను ఆ మధ్యాహ్నం అత్తయ్య గదిలోకి వెళ్ళి కింద కూర్చున్నాను. తెలిసే చేశానని చెప్పాను. మొదట టీషర్టు మీద భుజం గుర్తుపట్టానని, హాల్లో చూసి రూఢి చేసుకున్నానని, అయినా లేచి నడిచానని, అప్పుడు నాకు సిగ్గు వెయ్యలేదు సరికదా గర్వం వేసిందని కూడా చెప్పాను. ఆవిడ దిండు గలీబు కొస మడత పెడుతూ విడదీస్తూ విన్నది. ఆ తర్వాత నేను అడక్కుండానే ఆవిడే మొదలుపెట్టింది.

ఆ హీరోయిన్ పిల్ల వెళ్ళిపోయినప్పుడు ఇంకెవరూ రామన్నారట. గౌను కుట్టింది అత్తయ్యే కాబట్టి, పొడవు సరిపోతుంది కాబట్టి, నువ్వే నిలబడు అన్నారట మామయ్య. మొహం ఎలాగూ వద్దు. ముందు వైపు అసలే వద్దు.

"ముందు వైపు ఎందుకు వద్దత్తయ్యా?"

"వీడు ఉన్నాడు కదే కడుపులో," అంది. "ఏడో నెల. పక్కకి తిరిగినా తెలిసిపోయేది. అందుకని ఎక్కడ తిరగమన్నా సూటిగా వీపే. మీ మామయ్య కెమెరా దగ్గర్నుంచి ఒకటే అరుపు, నడుము మీద చెయ్యి తియ్యి, తియ్యి అని. తీస్తే పడిపోతానేమోనని భయం నాకు."

నేను ఆవిడ మొహం చూడలేక గలీబు కుట్టు చూస్తున్నాను.

సినిమా వచ్చినప్పుడు పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చుందట. ముందు వరసల వాళ్ళు, ఇటు తిరగవే, ఇటు తిరగవే అని కేకలు. ఆవిడ నడిచినప్పుడల్లా ఈలలు. ఎవరో బాతు అన్నారు. అది హాలంతా అందుకుంది. సగంలో మామయ్య లేచి వెళ్ళిపోయారు. పిల్లాణ్ణి ఎత్తుకుని ఈవిడ వెనకే వెళ్ళింది. దారిలో ఆయన ఒక్కమాట మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా ఆ సినిమా గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

"అంత కష్టపడి తీశాడు. కథ బాగుంది, బొమ్మ బాగుంది, అన్నీ బాగున్నాయి. నేను కాస్త నిటారుగా నడిచి ఉంటే ఆడేదేమో," అంది అత్తయ్య. "అనుకుంటూనే ఉంటాను."

ఆ సినిమాలో ఏమేం బాగుందో నేను చూశాను కదా. ఆవిడ చివరి దాకా ఎప్పుడూ చూడలేదని అప్పుడే అర్థమైంది.

చూస్తారా అని అడిగాను. గలీబు మడత విప్పేసి, చూస్తానంది.

మర్నాడు పిల్ల కాలేజీ మానేసి లాప్‌టాప్ తెచ్చి నానమ్మ మంచం మీద పెట్టింది. రీలు దగ్గర్నుంచి సినిమా తెచ్చుకుంది. ముగ్గురం గోడకి ఆనుకుని కూర్చున్నాం. ఎవరూ లేచి వెనక్కి తిరగలేదు. ఎవరూ నవ్వలేదు. అంత నిశ్శబ్దంగా చూస్తే ఆ సినిమా ఇంకా అధ్వానంగా ఉంది. అత్తయ్య మొదట పైట సర్దుకున్నట్టు మెడ దగ్గర బట్ట సర్దుకుంటూ, ఒళ్ళు దగ్గరికి ముడుచుకుని చూసింది. కాసేపటికి ముందుకి వంగింది.

"వాడి నెత్తి మీద అదేంటి?"

"విగ్గు నానమ్మా."

"నిన్నటికి ఇవాళ్టికి అంత పెరిగిందే."

ఇంకాసేపటికి, "ఆ గోడ ఊగుతోంది," అంది. మళ్ళీ, "దానికి చెప్పులెవరిచ్చారు?" అంది. డాక్టరు కళ్ళలో భయం చూసినప్పుడు ఆపమంది. ఆపితే, తెర మీద తన వీపు వైపు చాలాసేపు చూసింది. ఆ వీపు పక్కన డాక్టరు మీసం సగం ఊడి వేలాడుతోంది.

"ఇదంతా ఇంత ఘోరంగా ఉందేంటే," అంది నాతో, నెమ్మదిగా. "నా నడక ఒక్కటే కాదన్నమాట."

"మీ నడక అసలే కాదత్తయ్యా."

ఆవిడ మొహంలో తేలిక కనబడుతుందేమోనని చూశాను. కనబడలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు పెదాలు కదిలించింది. "మరి ఆయనకి తెలుసు కదా," అంది చివరికి. "కెమెరాలోంచి చూసింది ఆయనే కదా. నాతో ఒక్కసారి అనలేదు."

పిల్ల ఉండబట్టలేక మొదలుపెట్టింది. మేం వెక్కిరించడానికి వెళ్ళం నానమ్మా అంది. పెద్ద సినిమాల్లో ఎవరు ఎక్కడ కష్టపడ్డారో తెలీకుండా అన్నీ నున్నగా ఉంటాయి. ఇందులో తాడు కనబడుతుంది, రంగు కనబడుతుంది, ఎవరో నిజంగా నిలబడలేక నిలబడటం కనబడుతుంది. ఊళ్ళో ఎవరికీ అక్కర్లేని సినిమా మాకు మాత్రమే నచ్చిందంటే అది మా ఇంటి మనిషిలా అనిపిస్తుంది. మీరంటే మాకు ప్రాణం నానమ్మా, నిజం. అది ఏడుస్తూనే చెప్పింది. నేను ఆ హాల్లో కూర్చున్నదాన్ని కాబట్టి, అబద్ధం చెప్పట్లేదని నాకు తెలుసు.

అత్తయ్య అంతా విన్నది. "నిలబడలేకపోవడం కనబడితే నవ్వుతారా?" అని అడిగింది.

పిల్ల ముక్కు తుడుచుకుంటూ నా వైపు చూసింది. నేను తెర మీది వీపునే చూస్తున్నాను.

తర్వాతి ఆట రోజు మధ్యాహ్నం అందరం బల్ల దగ్గర కూర్చున్నాం. రీలు అప్పటికే రెండుసార్లు ఫోను చేశాడు. కారు పంపాలా వద్దా చెప్పమని అమ్మాయి ఫోను బల్ల మీదే మోగి ఆగింది. మావారు తినేది చూస్తూ, ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఇంతటితో ఈ గొడవ వదిలేద్దాం అన్నారు. నేను కూర వడ్డిస్తున్నాను. అత్తయ్య గదిలోంచి వచ్చింది. ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి నేను చూస్తుండగా ఆ గదంతా దాటి నడిచి వచ్చి కూర్చుంది. నేను కళ్ళు దించుకున్నాను.

"నేను వెళ్ళను," అంది.

మావారు హమ్మయ్య అన్నట్టు రొట్టె తుంచారు.

"నన్ను చూస్తే లేచి నిలబడతారు, చప్పట్లు కొడతారు, ఆ తర్వాత నడవమంటారు. ఆ అబ్బాయి అడిగాడని చిన్నది చెప్పింది. నేను నడవను." నా వైపు తిరిగింది. "నువ్వు వెళ్ళు. ఆ రోజు నడిచావు కదా, అక్కడే నిలబడు. ఆ నడక అలా ఎందుకుందో చెప్పు. నడుము మీద చెయ్యి ఎందుకుందో చెప్పు. అంతా చెప్పాక కూడా నవ్వొస్తే నవ్వుకోమను."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ హాలు, ఆ అరుపులు, మెడలో అట్టముక్క అన్నీ కళ్ళముందు ఆడాయి. ఇంకేదైనా చెయ్యమంటే సంతోషంగా చేసేదాన్ని.

"అందరి ముందూనా? అమ్మా, నాన్న పరువేం కావాలి?" అన్నారు మావారు.

"మీ నాన్న పరువుకేం కాదు. ఆ విగ్గు చూశాక ఇంకా పోవడానికేం మిగల్లేదు," అంది ఆవిడ.

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మావారు నీళ్ళు తాగి, గ్లాసు పెట్టి, ఏడో నెల సంగతి కూడా చెబుతుందా అని గొణిగారు. షాపుకి వచ్చేవాళ్ళంతా రేపట్నుంచి నా మొహం కేసి చూస్తారన్నారు.

"నీ సంగతి కాకపోతే మరి చెప్పేదేముంది? సినిమా అంతా ఉన్నావు," అంది అత్తయ్య. "తిను."

నేను వెళతానత్తయ్యా అన్నాను. ఆవిడ సరే అన్నట్టు తల ఊపి, తన కంచం ముందుకి జరిపింది. కొంచెం కూర వేశాను. ఇంకొంచెం వెయ్యమంది.